రెండు మేకల తుఫాను

మేక సంగతి ముందు ఎత్తింది నేను కాదు. ఆ ఘనత మా ఆఫీసులో నా పక్క సీటు కుర్రాడిదే. నేను కోడి దగ్గరే ఆగుదామనుకున్నాను.

దోహాలో, వెస్ట్ బే టవర్లలో ఒకదాంట్లో మా ఆఫీసు. ఇద్దరం అకౌంట్స్‌లోనే. నాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో సముద్రం పక్క ఊరు. అతనిది సరిహద్దు దాటాక బరంపురం దగ్గర, అదీ సముద్రం పక్కే. ఒడియావాడే అయినా తెలుగు గడగడా మాట్లాడతాడు, ఆ పక్క చాలామందికి రెండు భాషలూ వచ్చు. నన్ను అక్కా అంటాడు. నా డబ్బాలోని ఆవకాయ నాకంటే ఎక్కువ తింటాడు. బంగాళాఖాతంలో ఆ వాయుగుండం పుట్టేదాకా మా మధ్య ఎన్నడూ మాటామాటా రాలేదు.

వాయుగుండం తుఫానైంది, తుఫాను తీవ్ర తుఫానైంది. కంప్యూటర్ తెర మీద దాని దారి విసనకర్రలా విచ్చుకుంది. ఒక అంచున మా ఊరు, ఇంకో అంచున వాళ్ళ ఊరు. కిటికీలోంచి చూస్తే ఇక్కడ మచ్చుకైనా మబ్బు లేదు. నాలుగు చినుకులు రాలితే జనం పని మానేసి ఫోటోలు తీసుకునే ఊరిది. అలాంటిచోట ఏసీలో కూర్చుని మేమిద్దరం పొద్దస్తమానం గాలి వేగం చూసుకుంటున్నాం.

ఊళ్ళో మా అన్నయ్య, వదిన, పిల్లలు ఉన్నారు. వదిన పిల్లల్ని తీసుకుని తుఫాను షెల్టరుకి వెళ్ళిపోయింది. అన్నయ్య కదల్లేదు. నెలలు నిండిన ఆవుంది, దాన్ని వదిలి రానన్నాడు. ఆ పశువుల పాకకి పైన రేకులు, చుట్టూ కొబ్బరిచెట్లు. అందులో ఏది మీద పడినా మనిషి మిగలడు.

"దాన్ని విప్పేసి వదిలెయ్, అదే బతుకుతుంది" అన్నాను ఫోన్లో.

"నెలలు నిండిన గొడ్డునేటే ఒగ్గీడం? బుద్దున్నాదేటి నీకు? నువ్వు కడుపుతోటున్నప్పుడు నిన్నలాగే రోడ్డు మీద ఒగ్గీసినామా?"

"నన్నూ ఆవునీ ఒకే గాట కడతావా?"

"ఆవు నీలాగ వాగదు" అని ఫోన్ పెట్టేశాడు.

కోపంతో ఊగిపోయాను. కోపం దిగాక భయమేసింది. కీబోర్డు మీద అంకెలన్నీ తప్పులు పడుతున్నాయి. ఇంట్లో దీపం పెట్టడానికి కూడా బద్ధకించే మనిషిని, ఆ పూట కుర్చీలోనే కళ్ళు మూసుకుని మా ఊరి అమ్మవారిని తలుచుకున్నాను. "తల్లీ, దీన్ని కాస్త పైకి నెట్టెయ్. నీకు కోడినిస్తాను." పైకి అంటే ఎటో అమ్మవారికి మ్యాపు విప్పి చూపించక్కర్లేదు కదా. కళ్ళు తెరిచేసరికి పక్క సీటువాడు కూడా కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"ఏంటి, నిద్రా?"

"కాదక్కా. మా ఠాకురాణికి మొక్కుకుంటున్నా." ఠాకురాణి అంటే వాళ్ళ గ్రామదేవత.

"ఏమని?"

నీళ్ళు నమిలాడు. "తుఫాను కొంచెం కిందికి దిగాలని."

"కిందికంటే మా ఊరే కదరా!"

"నేను ఊరి పేరేం చెప్పలేదక్కా."

"ఏమిస్తానన్నావు?"

"మేక."

ఒళ్ళు మండిపోయింది. నేను మర్యాదగా కోడితో సరిపెట్టుకుంటే వీడు మేకతో దిగాడు. "అయితే నాదీ మేకే" అన్నాను. "నాది మేకపోతక్కా" అన్నాడు. "నాది నల్ల మేకపోతు." "నాదీ నల్లదే, పైగా ఊరంతా భోజనాలు." "నాది డప్పులతో ఊరేగింపు, ఆ తర్వాత భోజనాలు!" ఇద్దరం డిగ్రీలు చదివినవాళ్ళం, పొద్దున లేస్తే ఆడిటర్లతో మాట్లాడేవాళ్ళం. అద్దాల గదిలోంచి మా మేనేజరు తొంగి చూసి, లెక్కల గొడవేదో అనుకుని పాపం తలుపు మూసుకున్నాడు.

సాయంత్రం ఇంటికి కంపెనీ కారులో బయల్దేరాం. ఇద్దరం ఉండేది అల్ మన్సూరాలోనే, పక్కపక్క వీధుల్లో. కారు నడిపే భాయ్‌ది జగిత్యాల. మేం చెరో కిటికీకి అతుక్కుని కూర్చోవడం అద్దంలో చూశాడు.

"ఏంది మేడమ్, ఇద్దరు మొకాలు మాడ్చుకున్నరు?"

సంగతి చెప్పాను. స్టీరింగ్ మీద కొట్టి మరీ నవ్వాడు. "యా అల్లా! తుఫాన్‌కు మేకను జూపిస్తున్నరా? పొద్దుగాల మా అమ్మ ఫోన్ జేసింది. దుబాయ్‌ల తుఫానట గద బిడ్డా, బయటికి పోకు అన్నది. నేనున్నది దుబాయ్ కాదని ఆమెకు తెల్వది, తుఫాన్ ఈడ లేదని తెల్వది. ఇగ మీరు ఆమెకంటె ఎక్కువున్నరు."

ఇంతలో షెల్టర్ నుంచి వదిన ఫోన్ చేసింది. గాలి హోరులో మాట వినబడక స్పీకర్ పెట్టాను.

"భయపడకు వదినా. అది బరంపురం వైపు పోవాలని మేక మొక్కాను" అన్నాను ధీమాగా.

"ఓలమ్మో, నీ మొక్కు పాడుగాను! అటెలిపోతే మా అమ్మోలేటైపోవాల? నాకక్కడ పుట్టిల్లున్నాదని మరిసిపోనావేటి?"

నిజంగానే మర్చిపోయాను. అన్నయ్య పెళ్ళికి బస్సెక్కి వెళ్ళి, ఆ ఇంట్లో మూడు పూటలా తిని వచ్చిన మనిషిని! భాయ్ నవ్వు ఆపుకోలేక దగ్గుతున్నాడు. పక్కవాడు కిటికీ వైపు తిరిగి బుద్ధిగా సముద్రం చూస్తున్నాడు.

"మొక్కు వెనక్కి తీసుకోవచ్చా వదినా?"

"నాకేటి తెలుసు? సముద్రంలోనే సచ్చిపోవాలని మొక్కు దాన్ని." అంటూనే ఏడ్చేసింది. "మీ అన్నయ్య ఇంకా ఆ గొడ్డు కాడే ఉన్నాడు. ఫోనెత్తడం లేదు."

ఫోన్ ఆగిపోయింది. భాయ్ నవ్వు కూడా పోయింది. దిగేముందు పక్కవాడు మెల్లగా అన్నాడు. "మేకలు రెండూ ఉంచుదామక్కా. సముద్రంలోనే ఆగిపోవాలని మొక్కుదాం. మీ అన్నయ్య గురించి మా అమ్మకి కూడా చెప్తా." సరేనన్నాను.

తుఫాను రెండు మేకలకి లొంగే రకం కాదు. తెల్లారేలోపు తీరం దాటేసింది. కాస్త పైకే, వాళ్ళ వైపుకే వెళ్ళింది.

పొద్దున డ్యూటీకి మెట్లు దిగుతుంటే అన్నయ్య ఫోన్. బతికున్నానని చెప్పలేదు, ఎలా ఉన్నావని అడగలేదు. "ఈనీసిందే" అన్నాడు. "పెయ్య. పాక ఎగిరిపోనాది. కొబ్బరిచెట్లు సగం పడిపోనాయి. నానూ ఆవూ వంటింట్లో దూరినాం. మీ వదిన ఊరుకుంతాదో, ఇల్లు పాడు సేసినానని తంతాదో."

ఏడుస్తూ తిట్టాను, తిడుతూ ఏడ్చాను. వెధవాయ్, నీ ఆవూ నువ్వూ అని ఇంకా ఏమేమో అన్నాను. కింద కారు దగ్గర నిలబడ్డ భాయ్ అంతా విన్నాడు.

పక్క వీధిలో కుర్రాడు ఎక్కాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, చొక్కా నిన్నటిదే. "మా వాళ్ళవన్నీ స్విచాఫ్ అక్కా" అన్నాడు. "మీ అన్నయ్య?"

సంతోషం గొంతుదాకా వచ్చి ఉంది. కోరి కోరి పైకి నెట్టమని మొక్కినదాన్ని, ఇప్పుడు ఆ మొహం చూస్తూ మావాళ్ళు క్షేమం అని ఎలా అనను? "ఇంకా లైను కలవలేదు" అన్నాను. భాయ్ అద్దంలోంచి ఒకసారి నన్ను చూశాడు. "యల్లా" అని బండి కదిలించాడు.

సముద్రం ఒడ్డు వెంట కార్నిష్ రోడ్డెక్కాక కుర్రాడి ఫోన్ మోగింది. ఎవరిదో తెలియని నంబరు. ఎత్తి, "బోవూ" అన్నాడు. వాళ్ళమ్మ. ఆ తర్వాత ఒడియాలో రెండు మాటలన్నాడో లేదో, మోచేత్తో మొహం కప్పుకుని ఏడ్చాడు. భాయ్ బండి పక్కకి తీసి ఆపాడు.

"ఇంటి కప్పు మొత్తం పోయిందట అక్కా" అన్నాడు ముక్కు తుడుచుకుంటూ. "అందరూ బడిలో ఉన్నారు. బాగున్నారు. పక్కింటివాళ్ళ ఫోనిది." మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "అమ్మ మీ అన్నయ్య ఎలా ఉన్నాడని అడుగుతోంది. ఏం చెప్పను?"

"బాగున్నాడని చెప్పు. ఆవు ఈనింది. పెయ్యదూడ."

"ఎప్పుడు తెలిసింది?"

"పొద్దున్నే."

నా మొహంలోకే చూశాడు. కోప్పడతాడేమో అనుకున్నాను. కోప్పడలేదు, ఫోన్లో వాళ్ళమ్మకి చెప్పాడు. అవతల ఆవిడ గొంతు నాకూ వినబడుతోంది, గబగబా ఏదో అడుగుతోంది. వీడు తడి కళ్ళతోనే నవ్వాడు.

"దూడ లేచి నిలబడిందా, పాలు తాగిందా అని అడుగుతోందక్కా."

నెత్తిన కప్పు లేదు ఆ తల్లికి. మా అన్నయ్యని ఆ మాట నేను అడగనే లేదు.

"ఫోన్ పెట్టెయ్యొద్దని చెప్పు" అన్నాను. "కనుక్కుని చెప్తాను." అన్నయ్యకి ఫోన్ కలిపాను.