లోలకం ఊపిన అమ్మాయికి పంతొమ్మిది

ఎంట్రన్స్ పరీక్ష తీసేసి ఇంటర్ మార్కులతోనే ఇంజనీరింగ్ సీట్లివ్వాలని మొన్న విజయవాడలో అధ్యాపకులం సభ పెట్టుకున్నాం. కోచింగ్ పిల్లల్ని పిండేస్తోందన్నారు. నిజమే. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. లేచి మైకు అడిగాను.

ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌కు ఏళ్ల తరబడి ఎగ్జామినర్‌గా వెళ్లినవాణ్ణి. ఆ పని ఎలా జరుగుతుందో మావాళ్లందరికీ తెలుసు. ప్రైవేటు కాలేజీ వాళ్లు బస్టాండుకు కారు పంపుతారు. మధ్యాహ్నం రొయ్యల వేపుడుతో భోజనం పెడతారు. పెన్సిల్‌తో మార్కులు వేసిన జాబితా చేతికిస్తారు. "మా పిల్లలేనండీ, మీరే చూసుకోవాలి." మనం దాని మీద పెన్నుతో దిద్దుతాం. ముప్పైకి ముప్పై.

ఒక ఏడాది కంకిపాడు దగ్గర అలాంటి కాలేజీకి వెళ్లాను. ల్యాబ్ సరిగాలేని ప్రభుత్వ కాలేజీ పిల్లలూ అక్కడికే వచ్చారు. వారిలో చేపలమ్మే ఇంటి అమ్మాయి ఒకతి. లోలకం ఊపి గురుత్వ త్వరణం కనుక్కోవాలి. అందరూ పుస్తకంలో ఉన్న 980 రాశారు. ఆమె 941 రాసింది.

"అందరికీ వచ్చిందే, నీకెందుకు రాలేదమ్మా?"

"స్టాప్‌వాచ్ ముందుకు పోతందండీ. మూడుసార్లు చూశానండీ, అంతే వచ్చింది." గొంతు తగ్గించలేదు. "వాళ్లు గుండు కదపనేలేదు గదండీ."

ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు మండింది. పంతొమ్మిది వేశాను. కదపనివాళ్లకు ముప్పై.

అప్పట్లో ర్యాంకులో ఇంటర్ మార్కులకూ కొంత వాటా ఉండేది. ఆ వేసవిలో ఆమె తండ్రి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "ఎంట్రన్స్ బాగానే రాసిందండీ. ఇంటర్ మార్కులు కలిపేసరికి కొద్దిలో సీటు పోయింది. ప్రాక్టికల్స్‌లో ఏం తప్పు చేసిందో చెబితే గడ్డి పెడతానండీ."

"రీడింగ్ తప్పొచ్చింది" అన్నాను. దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఇదంతా మైకులో చెప్పాను. వెనక నుంచి ఒకాయన, "మాస్టారూ, రొయ్యలు అరిగిపోయాక గుర్తొచ్చిందా?" అన్నాడు. నవ్వులు.

"అరగలేదండీ, అందుకే లేచాను."

ఎంట్రన్స్‌ను నెత్తిన పెట్టుకోమనను. మార్చండి. కానీ ముందు ఆ పెన్సిల్ జాబితాలు చించండి. ఎంట్రన్స్‌లో ఆమె సీటు తెచ్చుకుంది, నా పెన్ను పోగొట్టింది.

సభ అయ్యాక అధ్యక్షులవారు పక్కకు పిలిచారు. "ఏదో ఆవేశంలో అన్నానని చెప్పండి, మినిట్స్‌లో రాయం. ఎంక్వయిరీ వస్తే ఏంటండీ మీ పరిస్థితి? ఇంకా సర్వీసుంది గదా."

"రానివ్వండి. రాయండి" అన్నాను.

రాయలేదు. అందుకే ఇక్కడ నేనే రాస్తున్నాను. ఆ గడియారంతో నిజంగా కొలిచినవాళ్లెవరికైనా 941 దరిదాపుల్లోనే వచ్చేది. ఆమెకు ముప్పై రావాలి.