పెద్దమ్మ తీసిపెట్టిన పిడికెడు

మా ఇంట్లో ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు దేవునికి తీసిపెడతాం. వారమంతా డబ్బాలో చేరిన ఆ బియ్యం ఆదివారం చర్చిలో మా సంఘానికి వెళ్తుంది. అమ్మ పోయాక నన్ను పెంచిన పెద్దమ్మ, ప్రార్థనకంటే ముందు నాకు నేర్పింది ఈ పిడికెడే. డబ్బాలో బియ్యం వేస్తూ ఆమె ఎవరో ఒకరి పేరు ప్రభువుకు చెప్పేది. పొద్దుటి పిడికెడు మాత్రం ఎప్పుడూ నా పేరు మీదే.

పోయిన ఎండాకాలం ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి బియ్యం సంచి ఖాళీగా ఉంది. దేవుని డబ్బా నిండి, పక్కనున్న గిన్నెలు కూడా నిండాయి. తీసిపెట్టిన సంగతి మరిచిపోయి, పెద్దమ్మ పిడికెడు వెంట పిడికెడు తీస్తూనే ఉంది. స్టవ్ మీద ఎసరు ఇగిరిపోయి గిన్నె మాడుతోంది.

"ఏంది పెద్దమ్మా, ఇప్పుడు మనమేం తినాలె?"

"దేవునికిచ్చినంక మల్ల తీస్తమా? జొన్నపిండి లేదా ఇంట్ల? రొట్టె చెయ్యి."

మా ఆయన నవ్వాడు. "ఈ వారం సంఘమంత మన బియ్యమే తింటది అత్తమ్మా!"

ఆమె కూడా నవ్వింది. నేను మాత్రం స్టవ్ ఆపి మాడిన గిన్నె తోమాను.

ఆయనది విద్యుత్ కేంద్రంలో షిఫ్టు పని, నాది బడిలో టీచరు పని. పగలు ఇంట్లో ఎవరూ ఉండరు. తోడుగా ఒకామెను పెట్టుకుంటే, పెద్దమ్మ ఆమెను వంటింటి గడప దాటనివ్వలేదు. నెల తిరక్కుండానే ఆమె మానేసింది. కల్మల ఊరికి వెళ్లే దారిలో పెద్దవాళ్లను చూసుకునే ఆశ్రమం ఒకటి ఉంది. నర్సు ఉంటుంది, వేళకు మందులిస్తారు. తల్లిని సన్మానించాలన్న ఆజ్ఞ నాకు చిన్నప్పుడే కంఠతా వచ్చు. స్టవ్ వెలిగించి మరిచిపోయే తల్లిని ఎక్కడ ఉంచితే అది సన్మానమో తెలియక మోకరించి చాలా అడిగాను. చివరికి, ముందు ఒక నెల ఉంచి చూద్దామనుకున్నాం.

ఆ నెల గడిచాక, ఇంటికి తెచ్చుకోవాలో అక్కడే ఉంచాలో తేల్చుకుందామని వెళ్లాను. పెద్దమ్మ కాస్త ఒళ్లు చేసింది. తల నున్నగా దువ్వి జడ వేశారు. సంతోషం వేసింది, ఎక్కడో అసూయ కూడా.

ఆమెను చూసుకునే అమ్మాయి కన్నడం కలిసిన తెలుగులో ఫిర్యాదు మొదలుపెట్టింది. "నోడ్రి, చూడక్కా, అజ్జి రోజూ పళ్లెంలకెల్లి అన్నం తీసి కిటికీల ఎండబెడ్తది. గదంత చీమలే! తిట్టబుద్ధిగాక ఊకుంటున్న."

పెద్దమ్మ దిండు కింద నుంచి చేతిరుమాలు మూట తీసి విప్పింది. గట్టిపడిన మెతుకులు.

"ఈడ నన్ను వండనియ్యరు బిడ్డా. తినేదాంట్లకెల్లే తీస్తున్న. సంఘానికి తీస్కపో."

ఆ మూట అందుకున్నాను. "ఇంటికి పోదాం రా పెద్దమ్మా. నేను బడి మానేస్త" అన్నాను.

"మానేసి నా కొంగు పట్టుకొని తిరుగుతవా? నీకన్న ఈ పిల్లే మంచిగ దువ్వుతది తల." తర్వాత గొంతు తగ్గించి పక్క మంచం చూపించింది. "ఆమెకెవ్వరు రారు. ఆమె పేరు మీద కూడ ఒక పిడికెడు తీస్తున్న. నేనొస్తే ఆమె పేరు ఎవరు చెప్పాలె?"

"మరి పొద్దుటిదో?"

"పొద్దుటిది నీదే. మర్చిపోతనా?"

ఆదివారం సంఘంలో బియ్యం సంచి పట్టుకున్న పెద్దాయన నా చేతిలోని మూట చూసి, "వండినవా గివి?" అని అడిగారు. పెద్దమ్మ పంపిందన్నాను. ఆయన సంచి మూతి ఇంకాస్త విప్పి పట్టుకున్నారు.

మళ్లీ వెళ్లినప్పుడు, మెతుకులకు చీమలు పట్టకుండా ఇంట్లోని దేవుని డబ్బాను, ఆశ్రమంలోనే ఉండిపోయిన పెద్దమ్మకే ఇచ్చి వచ్చాను. దాని మూత బిగువు. వంటింటి గూట్లో అది ఉన్నచోట గుండ్రటి మరక అలాగే ఉంది. అక్కడ ఇంకేమీ పెట్టలేదు. పొద్దున గిన్నెలోకి పిడికెడు తీస్తూ పెద్దమ్మ పేరు చెబుతాను. తర్వాత అలవాటుగా కాసేపు ఆగుతాను, వెనక నుంచి నా పేరు వినిపిస్తుందేమోనని.