నాన్న అనని మాట

నాన్న గురించి ఎవరైనా నాలుగు మంచి మాటలు చెబితే నాకు మింగుడుపడదు. ఆయన పోయిన నాటి నుంచీ ఇంతే. "ఎంత అదృష్టం చేసుకున్నావమ్మా, చివరి రోజుల్లో నీ దగ్గరే ఉన్నారు" అని ఇక్కడ నాటింగ్‌హామ్‌లో తెలిసిన ఆంటీలందరూ అంటారు. నేను తలూపుతాను. లోపల ఒక బరువు కదులుతుంది. ఏళ్లుగా దాన్ని మోస్తున్నాను. నా భర్తకు తెలియదు. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికి తెలియదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే నోరు పెగులుతోందేమో. తెలిసినవాళ్ల మొహం చూస్తూ చెప్పగలిగేదాన్నా? ఆ ధైర్యమే ఉంటే ఇన్నాళ్లు ఆగేదాన్ని కాదు.

సూటిగా చెప్పేస్తాను, లేకపోతే మళ్లీ పక్కదారి పడతాను. మా నాన్న జీవితమంతా తలుచుకున్న మనిషి, ఆయన బతికుండగానే నాకు ఫోన్ చేసింది. ఆ సంగతి నాన్నకు చెప్పలేదు. ఆమెకేమో, నాన్న మీతో మాట్లాడనన్నాడని చెప్పాను.

రాస్తే ఇంతే ఉంది. ఇంత చిన్నదా ఇది?

మా నాన్న దత్తు పోయినవాడు. మూడేళ్ల వయసులో ఆయన్ను పిల్లలు లేని దూరపు చుట్టాలు పెంచుకోవడానికి తెచ్చుకున్నారు. ఇంటిపేరు మారింది, గోత్రం మారింది. పెంచిన నానమ్మకు ఒకటే బెంగ, పిల్లాడు మళ్లీ కన్నవాళ్ల దగ్గరికి పోతాడేమోనని. అందుకే కరీంనగర్ దిక్కున్న పల్లె వదిలి హైదరాబాద్‌కు మకాం మార్చేశారు. మీవాళ్లంతా గత్తరొచ్చి పోయారు, ఒక్కరూ మిగల్లేదు అని చెప్పి పెంచారు. గత్తరంటే కలరా. నాన్న నమ్మాడు. ఎందుకు నమ్మడు, చెప్పింది అమ్మ కదా.

ఆయనకు మిగిలిన జ్ఞాపకం ఒక్కటే, ఒక అక్క. పేరు కూడా గుర్తులేదు. తనను చంకనేసుకుని వాడంతా తిప్పేదట. సర్వపిండి కాలుతుంటే అంచు తుంచి, ఊది ఊది నోట్లో పెట్టేదట. మా ఇంట్లో సర్వపిండి చేసినప్పుడల్లా ఈ కథ వినక తప్పేది కాదు. "మీ అక్క లెక్క ఊదుడు నాతోని కాదు, ఆరినంక తినుండ్రి" అని అమ్మ ఆటపట్టించేది. నాన్న నవ్వేవాడు. అమ్మ పోయాక ఆయనకు ఇది పట్టుకుంది. నా కన్నవాళ్లు ఎవరు, వాళ్ల ఇంటిపేరేంది, ఏ ఊరు? నా దగ్గరికి వచ్చినప్పుడల్లా అదే మాట.

"నువ్వు కంప్యూటర్ల అన్ని దొరకవడతవు గద బిడ్డా. మా వాళ్ల ఊరేదో జర చూడరాదు."

"చూద్దాం తియ్ నాన్నా" అనేదాన్ని. ఒక్కసారీ చూడలేదు. ఎప్పుడూ ఏదో ఒక పని. నిజానికి పని కూడా కాదు, నాకు పట్టలేదు.

ఆ ఏడు నాకు రెండో కాన్పు. బాబు. నాన్న ఆర్నెల్ల విజిటర్ వీసా మీద వచ్చాడు. మెటర్నిటీ లీవ్ అయిపోయి నేను మళ్లీ హాస్పిటల్ ల్యాబ్‌లో చేరిపోయాను. మా ఆయన పొద్దున్నే మిల్టన్ కీన్స్‌లో ఆఫీసుకని కారేసుకుని పోతే, తిరిగొచ్చేసరికి పిల్లల భోజనాలు అయిపోయేవి. బాబుకు నర్సరీలో సీటు సెప్టెంబరు నుంచి గాని లేదన్నారు. పాపకేమో వేసవి సెలవులు. ఇల్లంతా నాన్న మీదే నడుస్తోంది. సీసాలు కడిగి, పాలు కలిపి, బాబును భుజాన వేసుకుని హాల్లో పచార్లు చేసేవాడు. అది ఆయనకు ఇష్టమని అనుకునేదాన్ని. ఇష్టమే. కానీ నా అవసరం ఆయన ఇష్టం కన్నా పెద్దది.

ఆగస్టు మొదట్లో ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఆ రోజు నాకు డ్యూటీ లేదు. నాన్న పాపను తీసుకుని పార్కుకు వెళ్లాడు. ఎవరో అమ్మాయి, గ్లాస్గోలో మాస్టర్స్ చేస్తోందట. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో అడిగి నా నంబరు పట్టుకుంది. వాళ్ల అమ్మమ్మకు చిన్నప్పుడే దత్తు పోయిన తమ్ముడొకడు ఉన్నాడనీ, ఈమధ్య ఒక పెళ్లిలో కలిసిన దూరపు చుట్టం ఆయన పేరు చెప్పి, నాటింగ్‌హామ్‌లో కూతురి దగ్గరున్నాడన్నాడనీ చెప్పింది. తర్వాత వాళ్ల అమ్మమ్మను కూడా కాల్‌లో కలిపింది.

"బిడ్డా, నేను నీ మేనత్తను. మా తమ్ముడున్నడా?"

ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని చెవికి ఆనించుకున్నాను.

"వాని ఎడమ చెవి ఎనక పుట్టుమచ్చ ఉండాలె. ఉన్నదా?"

ఉంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను దాన్ని. "ఉన్నది అత్తమ్మా" అన్నాను. అవతల ఏడుపు. నేనూ ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను, అది అబద్ధం కాదు.

"రాఖీ పున్నం వస్తున్నది బిడ్డా. వాని చేతికి నేను ఒక్కసారన్న రాఖీ కట్టలే. ఎట్లన్న జేసి పున్నానికి తోలియ్యి."

నాన్నతో మాట్లాడి చెబుతానని పెట్టేశాను. ఓ ఐదు నిమిషాలు ఎంత సంతోషపడ్డానో. నాన్న రాగానే ఎలా చెప్పాలి, ముందు కూర్చోబెట్టి చెప్పాలా, గుండె ఆగిపోదు కదా అని ఏవేవో ఆలోచిస్తూ మంచినీళ్ల కోసం ఫ్రిజ్ దగ్గరికి వెళ్లాను. ఫ్రిజ్ తలుపు మీద నా డ్యూటీల రోటా అంటించి ఉంది. ఆ నెలంతా పొద్దుటి షిఫ్టులే.

అక్కడే మొదలైంది. చెబితే నాన్న ఆగుతాడా? ఆ సాయంత్రమే సూట్‌కేసు దింపుతాడు. పున్నం లోపల అక్క ముందు ఉంటాడు. అంత దూరం వెళ్లినవాడు మళ్లీ వెంటనే ఎందుకొస్తాడు? బాబును ఎవరు చూస్తారు? పాపను? మా ఆయన సెలవులన్నీ కాన్పప్పుడే అయిపోయాయి. ఇళ్లలో పిల్లల్ని చూసుకునే చైల్డ్‌మైండర్‌లు తెలిసినవాళ్లందరూ ఖాళీ లేదన్నారు. నేనేమో పనిలో చేరి ఎన్నాళ్లో కాలేదు, మళ్లీ సెలవంటే మేనేజర్ ఏమంటుంది? సెప్టెంబరు దాకా ఆగితే చాలు కదా, ఇన్నేళ్లు ఆగినవాళ్లు కొన్ని వారాలు ఆగలేరా, అనుకున్నాను. అనుకుని తేలికపడ్డాను కూడా. ఎంత సిగ్గులేని తేలికో!

కానీ ఆ అమ్మాయి ఊరుకునేలా లేదు. తాత ఏమన్నారు ఆంటీ, తాత నంబరివ్వండి, వీడియో కాల్ చేద్దాం అని మెసేజ్‌లు. మర్నాడు నాన్న బాబుకు స్నానం చేయిస్తుంటే నేను పెరట్లోకి వెళ్లి నేనే ఫోన్ చేశాను. అత్తను కలపమన్నాను.

"నాన్నకు చెప్పిన అత్తమ్మా. మాట్లాడనన్నడు."



"వాని కోపం నాయమే బిడ్డా" అంది అత్త. "వాళ్లింట్ల దింపొచ్చింది నేనే. నువ్వు ఆడుకుంటుండు, ఇప్పుడే వస్త అని జెప్పి ఒచ్చిన. మల్ల పోలే. వాన్నేమనకు. మంచిగ అర్సుకో."

నాన్నకు జ్వరంగా ఉందనొచ్చు. ఊళ్లో లేడనొచ్చు. కొన్నాళ్లు ఆగండి అత్తమ్మా, నా పిల్లలతో ఇబ్బందిగా ఉంది అని నిజమే చెప్పొచ్చు. ఆమె ఆగేది, అంత మంచి మనిషి. ఆ మాటే ఎందుకు అన్నాను? ఎన్నిసార్లు అడిగానో నన్ను నేను. ఒక్కటే జవాబు. మళ్లీ ఫోన్ రాకుండా ఉండాలని. నాన్న నోట్లో మాట పెడితే ఇక ఎవరూ అడగరని. నాకు తెలుసు ఆ మాట పని చేస్తుందని. చేసింది.

రాఖీ పున్నం వెళ్లిపోయింది. సెప్టెంబరు వచ్చింది, బాబు నర్సరీలో చేరాడు, పాప బడికి వెళ్లింది. ఇక చెప్పొచ్చు. చెబితే నాన్న ఆమెకు ఫోన్ చేస్తాడు, ఆమె అంటుంది, నువ్వు మాట్లాడనన్నవట గదరా అని. అప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను? అక్టోబరు చివర్లో ఆయన విమానం ఎక్కుతాడు, ఎయిర్‌పోర్టులో చెప్పేస్తాను, అక్కడైతే తిట్టడానికి టైముండదు అనుకున్నాను. నవ్వొస్తోందా మీకు? నేను నిజంగా ఇలాగే ఆలోచించాను.

ఈ లోపల పెత్రమాస వచ్చింది. పోయినవాళ్ల పేర్లు చెప్పి బియ్యం ఇచ్చే అమావాస్య. నాన్న ఏ ఏడూ తప్పించలేదు. గుడి హాలులో మావంటి వాళ్లంతా వరసగా కూర్చున్నారు. టేక్‌అవే ఫాయిల్ ట్రేలలో బియ్యం, పప్పు, చింతపండు, కూరగాయలు సర్దుకుని మేమూ కూర్చున్నాం. పంతులుగారు అడిగితే నాన్న పెంచిన తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు చెప్పాడు. మా అమ్మ పేరు చెప్పాడు. నువ్వులు నీళ్లు వదిలాడు. అయిపోయింది, లేవబోతున్నాను.

"ఇంకొక్కలున్నరు అయ్యగారూ. మా అక్క."

"పేరు చెప్పండి."

"పేరు యాదికి లేదు. అక్క అనే అనుండ్రి."

పంతులుగారు పరవాలేదండీ అని మంత్రం మొదలుపెట్టారు. నాన్న పిడికెడు బియ్యం వేరుగా తీశాడు. ఆ ఏడే కొత్తగా చేస్తున్నాడో, ఎప్పుడూ చేసేవాడో నాకు తెలియదు, ఏనాడైనా పక్కన కూర్చుని చూశానా? బతికున్న మనిషికి, ఆ పొద్దున ఎక్కడో కూరగాయలు తరుగుతూనో మనవలను తిడుతూనో ఉండే మనిషికి, ఆమె తమ్ముడు నువ్వులు నీళ్లు వదలబోతున్నాడు. పక్కనే కూర్చున్న నాకు అది తెలుసు. ఆ హాలు మొత్తంలో నాకొక్కదానికే తెలుసు. చేయి పట్టుకుని "నాన్నా ఆగు" అంటే చాలు.   ఇప్పుడు చెప్పు, ఇప్పుడు చెప్పు. చెప్పలేదు. ఆయన వేళ్ల మీదుగా నీళ్లు జారిపోయాయి. కళ్లు తుడుచుకుని, "అయిపోయింది, పా బిడ్డా" అన్నాడు. దారిలో బాబుకు న్యాపీలు కొనాలని గుర్తు చేశాడు.

తర్వాతి వారం, పాపను బడిలో దింపి ఇంటికి వచ్చి, బూట్లు విప్పుకుంటూ మెట్ల మీదే కూలిపోయాడు. అంబులెన్స్ వచ్చేసరికే లేడు. తమ్ముడికి వీసా దొరికి వచ్చేదాకా ఆగి, ఇక్కడే దహనం చేశాం. ఎవరెవరికో ఫోన్లు చేసి చెప్పాను. అత్తకు చేయలేదు.

ఆ దూరపు చుట్టం ద్వారానే వాళ్లకు తెలిసింది. గ్లాస్గో అమ్మాయి మెసేజ్ పెట్టింది. అమ్మమ్మ తలస్నానం చేసి ఒక మూలన కూర్చుందనీ, తమ్ముడు కోపంతోనే పోయాడా అని ఒకటే అడుగుతోందనీ, ఒక్క మాట చెప్పండాంటీ అనీ. చదివాను. చదివినట్టు ఆ అమ్మాయికీ కనపడి ఉంటుంది. జవాబివ్వలేదు. మొదటిది భయంతో చేశానని అనుకున్నా, ఇదేమిటి? దీనికి నా దగ్గర ఏ సాకూ లేదు.

ఇన్నేళ్లూ అలాగే గడిపేశాను. మొన్న ఆదివారం మా పాప, ఇప్పుడు పదో తరగతి వయసు, ల్యాప్‌టాప్ తెచ్చి నా పక్కన కూర్చుంది. ఏదో వెబ్‌సైట్‌లో తాత వంశవృక్షం ఎక్కిస్తోందట. తెలుగు అంతా అర్థమవుతుంది, బదులు మాత్రం ఇంగ్లీషులోనే. తాత అక్క పేరు తెలియక ఖాళీ ఉంచి, పక్కన చనిపోయినట్టు గుర్తు పెట్టింది. "తాత టోల్డ్ మీ, మమ్. షి డైడ్ యంగ్" అంది.

"చనిపోలేదు" అన్నాను. నోరు జారింది.

"హౌ డు యూ నో?"

పాలు తెస్తానని కారు తీసి సూపర్‌మార్కెట్ కార్ పార్క్‌కు పోయాను. గ్లాస్గో అమ్మాయి నంబరు ఇంకా ఉంది, ఫోన్ చేశాను. గ్లాస్గోలోనే ఉద్యోగమట. అమ్మమ్మ బాగానే ఉందనీ, కళ్లు సరిగా కనపడవనీ చెప్పింది. ఆమెను కలపమన్నాను. ఎవరు, ఎవరు అని రెండుసార్లు అడిగింది అత్త.

"నీ తమ్ముని బిడ్డను అత్తమ్మా. నాన్న నీతోని మాట్లాడనని అనలేదు. ఆయనకు నువ్వున్నవనే తెల్వది. నేనే చెప్పలే. ఆ మాట నేనే అన్న."



"అయితే వానికి నా మీద కోపం లేకుండెనా?"

"లేదు అత్తమ్మా. నీ గురించే చెప్పెటోడు. సర్వపిండి ఊది పెట్టెటిదానివని."

అప్పుడు ఏడ్చింది. మొదటిసారి ఫోన్‌లో ఏడ్చిన ఏడుపు కాదు అది. "ఎంత పని జేసినవ్ బిడ్డా... ఎంత పని జేసినవ్" అంది. ఎందుకు చేశానో అడుగుతుందని ఆగాను. అడగలేదు. ఫోన్ తీసుకోమని మనవరాలికి చెప్పింది.

క్షమించమని నేను అడగలేదు. అడిగే మొహం ఉందా నాకు? పెత్రమాస సంగతి ఆమెకు చెప్పనే లేదు, చెప్పను కూడా. ఇంట్లోవాళ్లకు మిగతాదంతా చెప్పాలి. మా ఆయన ఏమంటాడో, తమ్ముడు మళ్లీ నాతో మాట్లాడతాడో లేదో తెలియదు. పాలు కూడా మరిచిపోయి కారులోనే చాలాసేపు కూర్చున్నాను. ఆమె నాతో ఇక మాట్లాడకపోవచ్చు. అయినా ఒక్కటి మారింది. ఇన్నేళ్లూ ఆమె తన తమ్ముడిదని మోసిన మాట ఇప్పుడు నా మాట అయింది.

నాన్న ఆ మాట అనలేదు. నేను అన్నాను.