కిక్కురుమనని ప్రోబ్

ఆఫీసులో అందరూ ఆమెను పోస్టుమార్టం అక్క అంటారు. లిఫ్టులు నడిపే బోర్డు ఏదైనా మొరాయిస్తే, దాని కెర్నెల్లోకి, అంటే దాన్ని నడిపే మూల ప్రోగ్రాంలోకి, చిన్న ప్రోబ్ మాడ్యూలు ఎక్కించి కారణం వెతకడం ఆమె పని. ప్రోబ్ అంటే కాపలా మనిషి. ప్రోగ్రాంలో ఒక్కో పని చేసే ముక్క ఫంక్షన్; ఫలానా ఫంక్షన్ గుమ్మంలో నిలబెడితే, ఆ దారిన ఎవరు వెళ్లినా కేకేస్తుంది.

ఎండాకాలంలో ఒక లిఫ్టు తలుపు మూసుకోకుండానే కదిలింది. ఎక్కబోతున్న మనిషి కాలు నుజ్జయింది. బ్రేకు వదిలే ప్రోగ్రాం రాసినవాడు అదే ఆఫీసులో పనిచేసే ఆమె మరిది. తీగలు బిగించింది తల నెరిసిన వైరింగ్ మేస్త్రీ.

విచారణలో ఆమె బ్రేకు వదిలే ఫంక్షన్ మీద ప్రోబ్ పెట్టింది. తన టేబుల్ మీది వేరే రకం కంప్యూటర్లో అది చక్కగా పలికింది. లిఫ్టు బోర్డు మీద మాత్రం, కళ్లెదుటే బ్రేకు విడిపోయినా కిక్కురుమనలేదు. "ప్రోగ్రాం వదల్లేదు. తీగలే తగిలుంటాయి," అని చెప్పింది. మేస్త్రీని పనిలోంచి తీసేశారు. ఆ రోజు అత్తగారు ఆమె పక్కన కూర్చుని వడ్డించింది.

వానలు మొదలయ్యాక అదే రకం ప్రాసెసరున్న ఇంకో లిఫ్టును పరీక్షిస్తుంటే, ఏ లోపమూ లేకుండా సవ్యంగా బ్రేకు వదిలినప్పుడు కూడా ప్రోబ్ పలకలేదు. ఆమె బోర్డులోని యంత్రభాష తెరిచి చదివింది. రాసిన ప్రోగ్రాంను ఆ ప్రాసెసరు భాషలోకి తర్జుమా చేసే కంపైలరు ఆ చిన్న ఫంక్షన్‌ను తీసుకెళ్లి, దాన్ని పిలిచే పెద్ద ఫంక్షన్లో కలిపేసింది. పేరుకు విడి ప్రతి ఒకటి మిగిలింది. ఆ దారిన ఎవరూ పోరు. తాను కాపలా పెట్టింది అక్కడే.

ప్రమాదం జరిగిన బోర్డు తెప్పించి, ప్రోబ్‌ను పెద్ద ఫంక్షన్ మీదికి మార్చింది. వెంటనే పలికింది. తలుపు తెరిచి ఉండగానే ప్రోగ్రామే బ్రేకు వదులుతోంది.

"నన్ను ముంచడానికే పెట్టుకున్నావా వదినా ఈ పరిశోధన?" అన్నాడు మరిది, ఆమె చూపిస్తున్న తెర వంక చూడకుండానే.

"ఇది ఊళ్లో ఇంకెన్ని లిఫ్టుల్లో ఉందో తెలుసా నీకు?"

"అప్పుడు తీగలన్నది నువ్వేగా. నేనన్నానా?"

ఆమె లేచి మేనేజరు గదిలోకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన ఆ రకం లిఫ్టులన్నీ ఆపించమన్నాడు. మరిది సాయంత్రం దాకా ఉండకుండానే వెళ్లిపోయాడు.

ఆమె మేస్త్రీకి ఫోన్ చేసింది. తప్పు తీగలది కాదని చెప్పింది.

"తప్పు నాదేనని నమ్మేశానమ్మా. మిషన్లో చూసి చెప్పారు, మీకంటే నాకేం తెలుస్తుందనుకున్నా. ఆ కాలు పోయినాయన ఇంటికెళ్లి, నా చేతులతోనే చేశానయ్యా అని చెప్పొచ్చాను. ఆయన భార్య మొహం మీదే తలుపేసింది. ఇప్పుడు మళ్లీ వెళ్లి ఏం చెప్పమంటారు?"

"మీరు వెళ్లొద్దు బాబాయ్. ఆ ఇల్లెక్కడో చెప్పండి," అంది ఆమె.