ఫ్లెక్సీ మీద పెద్ద విమానం

మా వైపు ఎవరికైనా మెడికల్ సీటు వచ్చినా, ఎవరైనా ఎస్సై అయినా, సెంటర్లో కరెంటు స్తంభానికి ఫ్లెక్సీ వేలాడుతుంది. నేను అమలాపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. ఈ ఫ్లెక్సీల పిచ్చిని క్లాసులో ఎన్నిసార్లు వెక్కిరించానో నాకే గుర్తులేదు. అలాంటిదాన్ని, మా అమ్మాయికి ఉద్యోగం రాగానే ఫ్లెక్సీ షాపుకి స్వయంగా వెళ్లాను.

ఫోటోలో మా అమ్మాయి తెల్ల చొక్కా, భుజాల మీద బంగారు చారలతో నవ్వుతోంది. వెనకాల రెండు సీట్ల బుల్లి విమానం. షాపతను కంప్యూటర్లో దాన్ని పెద్దది చేసి చూసి పెదవి విరిచాడు.

"ఏంటండీ మేడంగారూ, ఇది ఆటోలాగుంది. మనం పెద్దది పెట్టేద్దామండీ."

నేను చూస్తుండగానే బుల్లి విమానం మాయమై, దాని చోట మూడు వందల మంది పట్టే విమానం మబ్బుల్లోంచి దూసుకొచ్చింది. కింద పసుపు అక్షరాలతో "కెప్టెన్" అని కొట్టాడు. కూరగాయల బండి దగ్గర తూకం కోసం పది నిమిషాలు పోట్లాడే మనిషిని. ఆ రోజు మాత్రం, "ఆయ్, బావుంది" అన్నాను.

అసలు ఉద్యోగం సంగతి చెబుతాను. మా అమ్మాయి విమానం నడపడం నేర్పుతుంది. మహారాష్ట్రలో ఒక చిన్న ఊరి పక్కన ఆ స్కూలు. పెద్ద కంపెనీలో చేరాలంటే పెద్ద విమానానికి విడిగా మరో శిక్షణ కావాలి, దానికి పోయడానికి మా దగ్గర ఇంకేమీ మిగల్లేదు. అందుకని పాఠాలు చెప్పుకుంటూ, ఎగిరిన గంటలు కూడబెట్టుకుంటోంది. జీతమూ ఆ గంటల మీదే. ఇంజను తిరిగినంతసేపే డబ్బు. మబ్బు కమ్మితే లేదు, గాలి ఎక్కువైతే లేదు, నేర్చుకునేవాడికి జ్వరమొస్తే లేదు. వానాకాలంలో నేల మీద కూర్చోబెట్టి బోర్డు మీద చెప్పే పాఠాలకు అసలే లేదు. కందిపొడి, ఊరగాయలతో పాటు గది అద్దె కూడా నేనే పంపుతున్నాను.

"ఏమే, ఇంత చదువూ చదివి రోజుకూలీయా?" అన్నాను ఫోన్లో.

"రోజు కాదమ్మా, గంట కూలీ" అని నవ్వింది. "నువ్వు మాత్రం పదేళ్లు పీరియడ్ లెక్కన చెప్పలేదేంటి? సెలవులిస్తే నీకెవరిచ్చేరు జీతం?"

ఫోన్ పెట్టేశాను. ఆ పదేళ్లూ ప్రిన్సిపాల్ గదిలో జీతం కోసం బల్ల గుద్ది వాదించినదాన్ని నేనే. నా పని తక్కువని నాకు ఒక్కరోజూ అనిపించలేదు. మా అమ్మాయి అదే పని చేస్తే మాత్రం దాచుకోవాల్సిన సంగతి అయిపోయింది.

ఫ్లెక్సీ కట్టిన నెలకి, ఒక ఆదివారం పొద్దున్న, మురమళ్ళ దగ్గర రొయ్యల చెరువులున్న ఒకాయన మా ఇంటికి వచ్చాడు. ఆయన కూతురు నా క్లాసులోనే చదువుతోంది. మూడో బెంచీలో కూర్చుని ఆపకుండా డౌట్లు అడిగే పిల్ల.

"ఫ్లెక్సీ చూసేనండీ" అన్నాడు, కుర్చీ అంచున కూర్చుని. "మా పిల్ల కూడా పైలట్టే అవుతానంటందండీ. చెరువులు ఈ ఏడు దెబ్బతీసేయి. కొబ్బరితోట ఉంది గదండీ, అది కొంటామని అడుగుతున్నారు. మంగళవారం మాట ఇచ్చేద్దామనుకుంటున్నానండీ. మీ అమ్మాయిగారికి జీతం బాగా వస్తాదాండీ?"

"బానే వస్తుందండీ" అన్నాను.

అంతే అన్నాను. ఆయన దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు క్లాసయ్యాక ఆ పిల్ల వెనకే వచ్చింది. "మేడం, మా నాన్నగారు సరేనన్నారండీ!" అంది. దాని మొహం చూడలేక హాజరుపట్టీ తెరిచి, అప్పటికే పిలిచేసిన పేర్లు మళ్లీ చూస్తూ నిలబడ్డాను.

కాలేజీ అవగానే స్కూటర్ మీద ఆ తోటకి వెళ్లాను. ఆయన షెడ్డులో రొయ్యల మేత బస్తాలు సర్దుతున్నాడు. వెనక గోడకి మా అమ్మాయి నవ్వుతోంది. గాలివానకి స్తంభం మీంచి తెగిపడిన ఫ్లెక్సీని తెచ్చి, తుడిచి, నాలుగు మూలలా మేకులు కొట్టాడు. మా వైపు పాత ఫ్లెక్సీలు బస్తాల మీద కప్పుతారు, గోడకి కొట్టుకోరు.

"మా పిల్ల అడిగిందండీ" అన్నాడు సిగ్గుపడుతూ.

నిలబడే చెప్పేశాను. రెండు సీట్ల విమానం, గంట లెక్క జీతం, వానాకాలం, గది అద్దె, అన్నీ. ఆయన మేత బస్తా మీద చెయ్యేసి విన్నాడు.

"నిన్న బానే వస్తుందన్నారు గదండీ?"

"అబద్ధం చెప్పేనండీ."

"అంటే పిల్లలకి పాఠాలు చెప్తారాండీ, మీలాగే?"

"ఆయ్."

"మరది దాచుకునే పనాండీ?"

నాలుగు తిట్టి ఉంటే తిరిగి నాలుగు అనేదాన్ని, అది నాకు వచ్చిన విద్యే. ఆయన నిజంగానే తెలియక అడిగాడు.

"పోన్లెండి, సమయానికి చెప్పేరు" అన్నాడు. వద్దంటున్నా వినకుండా, మొన్నే చెట్ల మీంచి తీయించిన కొబ్బరి దింపులోంచి డజను కాయలు ఏరి, గోనెసంచిలో పోసి, నా స్కూటర్ ముందు పెట్టాడు. "మా తోట కాయలండీ, తీపిగా ఉంటాయి." దారి పొడుగునా ఆ కాయలు నా మోకాళ్లకి కొట్టుకుంటూనే ఉన్నాయి.

మంగళవారం ఆయన మాట ఇవ్వలేదు. తోట ఉంది. ఆ పిల్ల మాత్రం డౌట్లు అడగడం మానేసింది. తల వంచుకుని రాసుకుంటుంది.

వారం ఓపిక పట్టి, మా అమ్మాయికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. అప్పటిదాకా తనకి ఫ్లెక్సీ సంగతే తెలియదు. ఫోటో పంపమంది, పంపాను.

"నా విమానం తీసేసేవేంటమ్మా?"

"షాపతను తీసేశాడే."

"నువ్వు పక్కనే ఉన్నావు కదా."

ఉన్నాను.

"సరే, ఆ పిల్ల నంబరియ్యి" అంది. "ఈ వారమంతా ఇక్కడ వానే. ఖాళీగానే ఉన్నాను."

గంటన్నర మాట్లాడిందట. ఎంత ఖర్చవుతుందో, ఎన్నాళ్లు ఆగాలో, మొదటిసారి ఒక్కతీ పైకి లేచినప్పుడు ఏం చూసిందో, అన్నీ చెప్పిందట. ఇవన్నీ ఆ పిల్ల వచ్చి నాకు చెప్పలేదు, మా అమ్మాయే చెప్పింది. ఆ గంటన్నరకీ ఇంజను తిరగలేదు.