తిమ్మక్క పీచ్ తోటలో పసుపు ఉంగరాలు

హోసూరు దాటి తళి పోయే దారిలో తిమ్మక్కకు అరవై పీచ్ చెట్లున్నాయి. ఈ ఏడు కొత్త ఆకుల మీద పసుపు ఉంగరాల్లాంటి మచ్చలు లేచాయి. పిందె నిలవలేదు. ఆమె అనుమానం నేరుగా పక్క తోట మారియప్ప మీదికి పోయింది. నీళ్ల వంతు కోసం నిరుడు గొడవపడ్డవాడు, గట్టు పొడవునా కలుపు మందు కొట్టినవాడు అతనే మరి.

అతను మందు డబ్బా భుజానికెత్తితే చాలు, చేతిలో పని వదిలేసి వచ్చి నిలబడేది.

"అదేం మందప్పా?"

"టమాటా పురుగుకి. ఎందుకక్కా అట్ల చూస్తావు?"

"నా చెట్లు పోతా ఉండాయి. అందుకే చూస్తా ఉండాను."

అతను డబ్బా సర్దుకుని గట్టు దిగి వెళ్లిపోయాడు. తప్పు చేసినవాడు గనకే తప్పించుకుపోయాడనుకుంది తిమ్మక్క.

అతని మీద ఫిర్యాదు చేద్దామని తోటల ఆఫీసుకు పోతే, అధికారి పవిత్ర తోటకే వచ్చింది. జబ్బు చెట్లన్నిటికీ సున్నం బొట్టు పెట్టించింది. గట్టు వారన ఒక్క బొట్టూ పడలేదు. అన్నీ తోట నడుమ, అక్కడొకటి ఇక్కడొకటి.

"కలుపు మందయితే గట్టు చెట్లకే ముందు తగలాల కదమ్మా. వీటికి అంటుకొమ్మలు యాడ తెచ్చినారు?"

తిమ్మక్క బావి వైపు చెయ్యి చూపింది. అన్నీ బావి దగ్గరి చెట్టువే. దాని కాయ తీపి అని తనే కోసి, తనే అంటు కట్టింది.

పరీక్షకు పంపిన ఆకుల్లో, బావి దగ్గరి చెట్టు ఆకుల్లో కూడా, వైరస్ తేలింది.

"అంటుకొమ్మలతోనే పాకింది. దీనికి మందు లేదమ్మా. తల్లిచెట్టుతో సహా పీకేయాల. ఇకమీద పరీక్ష చేసిన మొక్కలే తెచ్చుకోండి. చెట్టు మారినప్పుడల్లా కత్తిని బ్లీచింగ్ నీళ్లలో ముంచండి," అంది పవిత్ర.

గొడవకు ముందటి ఏడు మారియప్పకూ ఆ చెట్టువే ఐదు కొమ్మలిచ్చిన సంగతి తిమ్మక్కకు అప్పుడు గుర్తొచ్చింది. పరీక్ష కాగితం పట్టుకుని అతని దగ్గరికి వెళ్లింది.

"నా చెట్లు కూడా పీకించేకి వచ్చినావా?" అన్నాడతను. పవిత్రకు ఫోన్ చేసి అడిగాక గానీ నమ్మలేదు. అతని ఐదు చెట్లలో నాలుగింటికి ఉంగరాలున్నాయి.

"నిన్ను అనుమానించినాను మారియప్పా. మనసులో పెట్టుకోవద్దు."

"పెట్టుకున్నాను. ముందు ఆ గడ్డపార ఇట్లియ్యి."

సాయంత్రానికి ఆ నాలుగూ నేల మీద పడ్డాయి. మర్నాడు అతను తిమ్మక్క తోటలోకి వచ్చి, బావి దగ్గరి చెట్టు మొదట్లో తవ్వడం మొదలుపెట్టాడు.