బిస్కెట్ల డబ్బాలో గుట్టు

రేడియో బాబాయి పోయారని నాన్న ట్రంకాల్ చేసి చెప్పగానే నాకు ముందు గుర్తొచ్చింది ఆయన చెవి. అరకులో ఆయన రిపేరు కొట్టుకి సంతరోజున కొండ ఊళ్ళనుంచి మూగబోయిన ట్రాన్సిస్టర్లు వచ్చేవి. స్క్రూ విప్పకముందే ఒక్కోదాన్నీ చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకునేవారు. మిషను అబద్ధమాడదు, మనమే వినం అనేవారు.

ఆరేళ్ళ కిందటి వేసవి. కంప్యూటర్లలో దాచే సమాచారం పరాయివాళ్ళకి అర్థం కాకుండా మార్చేసే సర్క్యూట్ బోర్డు తయారు చెయ్యడం నా పరిశోధన. దానికి తాళంచెవి ఎనిమిది స్విచ్చుల వరస. ఏది పైకుందో, ఏది కిందికుందో తెలిస్తే గుట్టంతా రట్టే. ఆ వరస ఎవరికీ దొరకదని థీసిస్‌లో గట్టిగా రాసేశాను. నెలలో ఇచ్చెయ్యాలి.

ఇంటికొస్తుంటే రైలు కుదుపులకి బోర్డులో ఒక అతుకు ఊడింది. బాబాయి దగ్గరికి పట్టుకెళ్ళాను. అతికించి ఆన్ చెయ్యగానే బల్లమీది రేడియోలో పాట పోయి బరబరా చప్పుడు మొదలైంది. నేను విసుక్కున్నాను. ఆయన మాత్రం చెవి ఒగ్గారు. స్విచ్చులు మార్చమన్నారు, మళ్ళీ మార్చమన్నారు. చాలాసేపటికి గోడవైపు తిరిగి కూర్చుని, ఆ చప్పుడు వింటూనే ఏది పైనో ఏది కిందో వరసగా ఎనిమిదీ చెప్పారు. ఒక్కటీ తప్పలేదు.

"నీ పెట్టి గుట్టు దాయట్నేదమ్మీ. బయటికి సెప్పేత్తంది."

నాకు ఏడుపొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. రేడియో పట్టుకుని ఎవరొచ్చి వింటారు, ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండనివ్వమని బతిమాలాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. ఆయన కోప్పడలేదు. టీ తెప్పించి, నేను తాగేదాకా ఆగారు.

"నాను సెప్పను. మరి నీ పెట్టిని నమ్ముకుని గుట్టు దాసుకున్నోడికి ఎవలు సెప్తారు?"

మర్నాడు వెళ్ళేసరికి, వాళ్ళావిడ పప్పులు పోసుకునే బిస్కెట్ల రేకు డబ్బా ఖాళీ చేయించి, బోర్డు అందులో పెట్టి మూత బిగించేశారు. రేకు దాటి తరంగాలు పోవు; రేడియోలో పాట శుభ్రంగా వచ్చింది. పిన్ని మాత్రం పప్పులెక్కడ పోసుకోవాలని రెండ్రోజులు సణిగింది.

థీసిస్ ఏడాది వెనక్కి పోయింది. రేడియో సంగతే అందులో పెద్ద అధ్యాయమైంది. కాపీ తెచ్చిస్తే బాబాయి తన పేరెక్కడుందో చూపించుకుని, ఇంత సన్నగా రాసేరేటని నవ్వారు. డబ్బా పిన్నికి తిరిగిచ్చేశాను.

నిన్న పలకరించడానికి వెళ్ళాను. బల్లమీద రేడియో లేదు. అడిగితే పిన్ని ఆ డబ్బా చూపించింది. లోపల్నుంచి సన్నగా బుస్సుమంటోంది.

"ఇంటే ఏడుపొత్తంది. కట్టేద్దునా, సెయ్యి రాట్నేదు. అందుకే అందులో ఎట్టేసినాను."

మూత కొంచెం ఎత్తాను. పాట వచ్చింది. మూసెయ్యమంటుందేమోనని చూశాను. పిన్ని డబ్బా ఒళ్ళోకి లాక్కుని, చెవి ఆనించి, కళ్ళు మూసుకుంది.